గోపాలపూర్ దారుల లెక్క

మా పెద్దలు గోపాలపూర్ మాట ఎత్తితే వెంటనే రంగూను స్టీమరు మాట వచ్చేది. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కలింగపట్నం, బారువ, గోపాలపూర్ – తీరం వెంబడి ఉన్న ఈ రేవులలో స్టీమర్లు ఆగి, పడవలలో వచ్చిన మనుషులను ఎక్కించుకునేవి. గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో ఉన్న కాలమది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడిన తరువాత కూడా ఆ రాకపోకలు సాగినవి. 1942లో జపాను యుద్ధం బర్మాను ముంచెత్తడంతో ఆ దారి మూతపడ్డది. మన కుటుంబాలలో చాలావాటికి ఆ స్టీమరుతో ఏదో ఒక చుట్టరికం ఉన్నది గనుక, ఈ వ్యాసాన్ని అక్కడినుంచే ఎత్తుకున్నాము.

ఆ స్టీమరు కప్తానుకు ఒక చిక్కు మాత్రం ఎన్నడూ రాలేదు. ఏ రేవు తరువాత ఏ రేవుకు పోవలెనని ఆయన తల పట్టుకోనక్కరలేదు. రేవులన్నీ తీరం వెంట దండలో పూసలలాగ వరుసగా ఉన్నవి. ఒక కొసన మొదలుపెట్టి రెండో కొసకు పోవడమే దగ్గర దారి. ఆరు రేవులైనా అంతే, అరవై రేవులైనా అంతే.

తీరం విడిచి లోపలికి వచ్చినప్పుడు ఏమవుతుందో మాకు 2013 అక్టోబరులో తెలిసివచ్చినది.

ఆ నెల 12వ తేదీ సాయంత్రం, సరిగా దసరా రోజులలో, ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. ప్రభుత్వంవారు దాదాపు పది లక్షల మందిని ముందుగానే సురక్షిత స్థలాలకు తరలించినందువల్ల ప్రాణనష్టం తక్కువలో పోయినది. ఇళ్లు, చెట్లు, కరెంటు స్తంభాలు మాత్రం మిగలలేదు. తరువాత ఋషికుల్యకు వరద వచ్చినది. మన తెలుగువారం కొందరం కలిసి అటుకులు, బెల్లం, కొవ్వొత్తులు ఒక వ్యానులో వేసుకుని పన్నెండు పల్లెలకు బయలుదేరాము. బయలుదేరే ముందు ఒక గంటసేపు ఏ ఊరు ముందు, ఏ ఊరు వెనుక అన్న తగవే అయినది. చివరకు మాలో పెద్దవాడు, విద్యుచ్ఛక్తి శాఖలో లైన్‌మన్‌గా చేసి విరమించిన బాబాయి ఒకమాట అన్నాడు.

"ఎందుకురా ఇంత రభస? మా తీగల పనిలో ముప్పై ఏళ్లు చూశాను. ఎప్పుడూ దగ్గరదాన్నే ముందు కలుపుకుంటూ పోవడం. ఒక్కనాడూ తప్పు రాలేదు."

"అలాగే కానీండి బాబాయ్" అన్నాము. ఉన్న చోటినుంచి దగ్గరగా ఉన్న ఊరికి, అక్కడినుంచి మళ్లీ దగ్గరదానికి – ఇలా పోయాము. పదకొండు ఊళ్లు అయ్యేసరికి సూర్యాస్తమయం అయినది. మిగిలిన పన్నెండో పల్లె మేము మొట్టమొదట దాటివచ్చిన దారికి కొద్ది దూరంలోనే ఉన్నది. కాని అప్పటికి మేము జిల్లా రెండో వైపున ఉన్నాము. చెట్లు పడిన రోడ్ల మీద వెనక్కు వచ్చి, రాత్రి పదకొండు గంటలకు ఆ పల్లె చేరాము. పిల్లలు ఆకలితోనే నిద్రపోయినారు. ఆ ఊరివాళ్లు మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. మేమే తిరుగుదారిలో బాబాయిని అన్నాము. ఆయన బదులు చెప్పలేదు.

ఆ తప్పు ఎవరిదన్న ప్రశ్న మమ్మల్ని చాలాకాలం వదలలేదు. దానికి సమాధానం వెతుకుతూ పోతే, గత నూరేళ్లలో గణితశాస్త్రజ్ఞులను అతి తీవ్రంగా వేధించిన ప్రశ్నలలో అదొకటని తెలిసినది.

మొదట సంఖ్య సంగతి చూడండి. బరంపురంలో బయలుదేరి ఛత్రపురం, రంభ, ఖల్లికోట, కోదళ, పురుషోత్తంపూర్, కవిసూర్యనగర్, ఆస్కా, భంజనగర్, సొరడ, హింజిలికాటు, దిగపహండి – ఈ పదకొండు ఊళ్లూ ఒక్కొక్కసారి చూసి మళ్లీ బరంపురం చేరవలెననుకుందాము. ఎన్ని విధాల పోవచ్చును? 1,99,58,400 విధాలు. ఇంచుమించు రెండు కోట్లు! మొత్తం ఊళ్లు ఇరవై అయితే ఆ విధాలు 60,82,25,50,20,44,16,000. సెకనుకు కోటి దారుల చొప్పున పరీక్షించే యంత్రం పెట్టినా నూట తొంభై ఏళ్లు దాటుతుంది. ఇంకా వేగంగల యంత్రం తెస్తామందురేమో. తెండి. అటు ఐదు ఊళ్లు చేర్చితే పని 51 లక్షల రెట్లు పెరుగుతుంది. యంత్రం ఎంత పరుగెత్తినా ఊళ్ల సంఖ్య ముందు నిలువలేదు. చదరంగపు మొదటి గడిలో ఒక గింజ, రెండోదానిలో రెండు, మూడోదానిలో నాలుగు అంటూ పోతే 64 గళ్లకు 1,84,46,74,40,73,70,95,51,615 గింజలవుతాయని, ఆ సంఖ్యను భూతసంఖ్యలతో పద్యంగా కట్టి కంఠస్థం చేసిన జాతి మనది. రెట్టింపు ఎంత భయంకరమైనదో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

అయితే విధాలు ఎక్కువ ఉన్నంత మాత్రాన లెక్క కష్టమని అనుకోరాదు. ఇక్కడే విశేషమున్నది. బరంపురంలో రెండేళ్లకొకసారి ఠాకురాణి యాత్ర జరుగుతుంది. నేతపనివారైన దేరా కులస్థుల దేశిబెహరా ఇంటికి అమ్మవారు పుట్టింటికి వచ్చినట్లు వస్తుంది. రాత్రులు ఘటాలు వీథివీథికీ తిరుగుతాయి. ఆ ఘటం ప్రతి వీథిలోనూ ఒక్కసారే నడిచి, బయలుదేరిన చోటికే తిరిగి రాగలదా అని ఎవరైనా అడిగితే, అందుకు ఒక్క పూటలో సమాధానం చెప్పవచ్చును. వీథులన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉండి, ప్రతి కూడలిలోనూ కలిసే వీథుల సంఖ్య సరిసంఖ్య అయితే రాగలదు. ఒక్క కూడలిలోనైనా బేసి అయితే రాలేదు. దీన్ని 1736లో ఆయిలర్ అనే మహాగణితజ్ఞుడు కోనిగ్స్‌బర్గ్ పట్టణంలోని ఏడు వంతెనలను గురించి ఆలోచిస్తూ కనుగొన్నాడు. కాని ప్రశ్నను రవంత మార్చండి. ప్రతి వీథీ కాదు, ప్రతి కూడలినీ ఒక్కసారే తాకి రావలెను అనండి. 1857లో హామిల్టన్ ఇరవై మూలలున్న ఒక ఆట బొమ్మతో ఈ ప్రశ్నను లోకానికి ఇచ్చాడు. దానికి ఆయిలర్ ఇచ్చినటువంటి సులువైన పరీక్ష ఈనాటికీ లేదు. వీథి అన్నచోట కూడలి అన్నాము, అంతే.

మా బాబాయి సంగతికి వస్తాము. 1926లో మొరావియా దేశంలో ఊళ్లకు కరెంటు తీగలు లాగవలసి వచ్చినప్పుడు, అతి తక్కువ తీగతో అన్ని ఊళ్లూ కలపడం ఎట్లాగని బొరూవ్కా అనే గణితజ్ఞుణ్ణి అడిగినారు. ఆయన ఒక పద్ధతి చెప్పాడు. 1930లో యార్నీక్, 1957లో అమెరికాలో ప్రిమ్, ఇంకా తేలికగా చెప్పారు: కరెంటు ఉన్న ఊళ్లలో ఏదో ఒకదానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న కరెంటు లేని ఊరిని ముందు కలుపు, మళ్లీ అట్లాగే చెయ్యి, ఊళ్లు అయిపోయేదాకా అంతే. ఇలా దగ్గరదాన్ని చూసుకుంటూ పోతే చివరకు వచ్చేది నిజంగా అతి తక్కువ తీగేనని రుజువున్నది. ఊళ్లు పదివేలైనా యంత్రం రెప్పపాటులో తేలుస్తుంది. మా బాబాయి ముప్పై ఏళ్లు చేసినది ఆ పనే. ఆయన తప్పు చెప్పలేదు!

మరి వ్యాను ఎందుకు దారి తప్పినది? తీగ వెనుక కలిపిన ఏ ఊరినుంచైనా కొత్త కొమ్మ వేయగలదు. వ్యానుకు కొమ్మలు లేవు. అది ఉన్నచోటినుంచే కదలవలెను. ముందు వదిలిన ఊరికోసం ఒళ్లంతా వెనక్కు తిప్పుకుని రావలెను. పల్లెలు అవే, దూరాలు అవే, పటం అదే. తీగకు లొంగిన లెక్క బండికి లొంగలేదు. తీగ సంగతిలో కూడా, స్తంభం పాతి పొలం మధ్యలో ఎక్కడైనా చీల్చవచ్చునని సెలవిస్తే ఇంకా కొంత తీగ మిగులుతుందిగాని, అతి తక్కువ ఏదో తేల్చే లెక్క వెంటనే కష్టమైన జాతిలోకి పోతుంది. సులువుకూ కష్టానికీ మధ్య గట్టు ఇంత సన్ననిది.

బండి లెక్కకు మన తూర్పు తీరంలో పాత చరిత్ర ఉన్నది. వియన్నాలో 1930లో మెంగర్ దీన్ని జాబులు పంచే దూత లెక్కగా చెప్పాడు. ఇక్కడ 1930 దశకం చివర బెంగాలులో జనుము పంట ఎంత నేలలో వేశారో తెలుసుకోవడానికి ప్రొఫెసర్ మహలనోబిస్ నమూనా సర్వే నడిపించాడు. పటం మీద యాదృచ్ఛికంగా చుక్కలు పెట్టి, ప్రతి చుక్క దగ్గరకూ మనుషులను పంపవలెను. జీతాలు, దారి ఖర్చులు ఎంతవుతాయి? చుక్కలు నాలుగు రెట్లయితే తిరిగే దారి నాలుగు రెట్లు కాదు, సుమారు రెండు రెట్లే అవుతుందన్న అంచనాను ఆయన 1940లో 'సంఖ్య' పత్రికలో వ్రాశాడు. అసలు దారి కనుక్కోకుండానే దాని పొడవు ఎంత ఉండవచ్చునో చెప్పడం! కష్టమైన లెక్కను ఎదురుగా ఢీకొనకుండా పక్కనుంచి పనికి వచ్చినంత తీసుకున్నాడు. ఆయన కలకత్తాలో స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటుకే విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన మన సి. ఆర్. రావుగారు 1941లో చేరినారు.

ఆ సంస్థనుంచే ఇంకొక తెలుగువాడు, కట్టా గోపాలకృష్ణమూర్తిగారు, 1960 దశకం మొదట్లో అమెరికాలోని క్లీవ్‌లాండుకు, కేస్ ఇన్‌స్టిట్యూటుకు వెళ్లారు. అంతకుముందు 1954లో డాంట్‌జిగ్, ఫుల్కర్సన్, జాన్సన్ అనే ముగ్గురు అమెరికాలోని 49 పట్టణాల దారిని కనుక్కొని, అంతకంటే దగ్గర దారి లేదని రుజువు కూడా చేసి అందరినీ నివ్వెరపరచినారు. అయితే అది ఆ ఒక్క పటానికి చేతితో కుట్టిన చొక్కా వంటిది. ఏ పటానికైనా పనికివచ్చే పద్ధతి కావలెను. 1963లో లిటిల్, మూర్తి, స్వీనీ, కారెల్ నలుగురి పేరుమీద ఒక వ్యాసం వచ్చినది. దారులన్నిటినీ గుంపులుగా చీల్చుతారు. ఒక్కొక్క గుంపులో ఏ దారి అయినా ఇంతకంటే తక్కువ ఉండజాలదు అని ఒక హద్దు లెక్కకడతారు. చేతిలో ఉన్న దారికంటే ఆ హద్దే ఎక్కువగా ఉంటే, ఆ గుంపులోని కోట్లాది దారులను ఒక్కటీ చూడకుండా పారవేస్తారు. కొమ్మ వేయడం, హద్దు కట్టడం – ఈ పద్ధతికి ఈనాడు లోకమంతా వాడే ఇంగ్లీషు పేరు ఆ వ్యాసంతోనే ప్రసిద్ధికెక్కినది. ఆనాటి ఐ.బి.ఎం. 7090 యంత్రం మీద 40 పట్టణాల లెక్కలు సగటున ఎనిమిది నిమిషాలకు కాస్త పైన తేలినవి.

మన మూర్తిగారి విజయాన్ని తలచుకుని పొంగిపోవలసినదే. ఆ నలుగురి నిజాయితీని కూడా చెప్పుకోవలెను. పది పట్టణాలు పెరిగినకొద్దీ కాలం సుమారు పదిరెట్లు పెరుగుతున్నదని వారే చూపించారు. ఆ లెక్కన నూరు పట్టణాలకు పదిహేనేళ్లు! చదరంగపు గింజలు మళ్లీ ఎదురైనవి.

ఇక్కడినుంచి కథ మలుపు తిరిగినది. అంతవరకు అందరూ "ఇంకా తెలివైన పద్ధతి ఏదో ఉండే ఉంటుంది, మనకు తట్టలేదు" అనుకునేవారు. 1965లో ఎడ్మండ్స్ అనే ఆయన ఎటువంటి పద్ధతిని మంచిదనవలెనో ఒక కొలత చెప్పాడు. ఊళ్లు రెట్టింపైతే పని నాలుగు రెట్లో ఎనిమిది రెట్లో పెరిగితే అది మంచి పద్ధతి. ఒక్క ఊరు పెరిగినందుకే పని రెట్టింపయ్యేది కాదు. 1967లో ఆయనే, బండి లెక్కకు మంచి పద్ధతి లేదనే తన ఊహను బాహాటంగా వ్రాశాడు. లేదు అనుకోవడం వేరు, ఎందుకు దొరకడంలేదో తెలియడం వేరు. 1971లో టొరాంటోలో కుక్, రష్యాలో స్వతంత్రంగా లెవిన్, 1972లో కాలిఫోర్నియాలో కార్ప్ ఆ గుట్టు విప్పారు.

గుట్టు ఇది. కొన్ని లెక్కలలో సమాధానం వెతకడం కష్టమైనా, ఎవరైనా చేతిలో పెడితే సరిచూడడం సులువు. నలుగురన్నదమ్ములున్న ఇంట్లో కాదు, ఇద్దరే ఉన్న ఇంట్లో పంపకం చూడండి. అరవై నగలున్నవి, ఏ నగనూ విరవరాదు, ఇద్దరికీ సరిగ్గా సమానమైన తూకం రావలెను. ఎవరైనా రెండు కుప్పలు పెట్టి చూపిస్తే త్రాసులో వేసి నిమిషంలో తేల్చవచ్చును. ఆ కుప్పలు కనుక్కొనడం మాత్రం, నగల తూకాలు పెద్ద పెద్ద చిల్లర అంకెలతో ఉన్నప్పుడు, దారుణమైన పని. కార్ప్ ఇటువంటివి 21 లెక్కలు వరుసగా పెట్టాడు. నగల పంపకం అందులో ఉన్నది, కూడళ్లన్నీ ఒకసారి తిరగడం ఉన్నది, పొలం మధ్య చీలే తీగ ఉన్నది. పైకి ఒకదానికొకటి పోలికే లేదు. అయినా ఒకదాన్ని ఇంకొకదానిగా మార్చవచ్చునని ఆయన చూపించాడు.

మార్చడమంటే ఏమిటో చిన్న ఉదాహరణ చెబుతాము. కూడళ్ల లెక్కను బండి లెక్కగా మార్చాలి. నేరుగా వీథి ఉన్న రెండు కూడళ్ల మధ్య దూరం ఒక మైలు అని, వీథి లేని వాటి మధ్య రెండు మైళ్లు అని కల్పించండి. ఇరవై కూడళ్లు తిరిగి రావడానికి సరిగ్గా ఇరవై మైళ్లు చాలితే, ఘటం అన్ని కూడళ్లూ ఒక్కసారే తిరగగలదన్నమాట. ఇరవైఒకటి పట్టితే తిరగలేదు. కనుక ఎవరి దగ్గరనైనా బండి లెక్కకు మంచి పద్ధతి ఉంటే, కూడళ్ల లెక్కకూ ఉన్నట్టే. ఇలా గొలుసుకట్టుగా ఒకటి లొంగితే అన్నీ లొంగుతాయి. ఈ జాతికి ఎన్.పి. సంపూర్ణ సమస్యలని పేరు. ఈనాటికి వేలకొద్దీ పోగైనవి. ఒక్కటీ లొంగలేదు. లొంగనే లొంగవని రుజువు కూడా ఎవరూ చేయలేదు. 2000లో అమెరికాలోని క్లే సంస్థ ఆ రుజువుకు, లేదా దాని విరుద్ధానికి, పది లక్షల డాలర్ల బహుమతి ప్రకటించినది. బహుమతి ఇంకా వారి దగ్గరే ఉన్నది.

మరి లొంగదని తోచిన ప్రతి లెక్కా ఈ జాతిదేననుకోవడం కూడా పొరపాటు. ఒక పెద్ద సంఖ్య ప్రధాన సంఖ్య అవునో కాదో నిస్సందేహంగా తేల్చే మంచి పద్ధతి ఉన్నదా అన్న ప్రశ్న ఎంతో కాలం తెగలేదు. 2002లో కాన్పూరు ఐ.ఐ.టి.లో మణీంద్ర అగ్రవాల్, ఆయన శిష్యులు నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కనుక్కొన్నారు. కుర్రవాళ్లు అప్పుడే బి.టెక్. పూర్తిచేసినవారు!

మూర్తిగారి కథలో రెండో అంకం ఉన్నది. ఆయన తరువాత మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులైనారు. 1987లో కబాడీగారితో కలిసి ఆయన వ్రాసిన వ్యాసం కొండలు పల్లాల లెక్కను గురించినది. అన్నిటికంటే లోతైన పల్లం ఎక్కడో కనుక్కొనడం కష్టమని లోకానికి తెలుసు. నిలుచున్న చోట చుట్టుపక్కల ఇంతకంటే పల్లం లేదు అని తేల్చుకోవడం తేలికేననుకునేవారు. దిక్కులు చాలా ఉన్న లెక్కలలో అది కూడా ఆ కష్టజాతిదేనని వారు నిరూపించారు. యౌవనంలో బండి లెక్కను నలభై పట్టణాలదాకా లాక్కొచ్చిన మనిషే, నడివయస్సులో ఇంకొక చోట గట్టు ఎక్కడున్నదో కొలిచి చూపించాడు. మా మట్టుకు మాకు ఈ రెండో పని మొదటిదానికి ఏమాత్రం తీసిపోదని తోస్తుంది.

కష్టమని తెలిసినంత మాత్రాన చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. 2004లో స్వీడన్ దేశంలోని 24,978 ఊళ్ల దారి తేలింది. 2006లో 85,900 చుక్కల దారి. అవి మూర్తిగారి కొమ్మలు–హద్దులు, డాంట్‌జిగ్ బృందం కోతలు కలిపి ఎన్నో యంత్రాలమీద నడిపిన లెక్కలు. ఫలానా పటం లొంగవచ్చును. ప్రతి పటమూ లొంగుతుందని ఎవరూ మాట ఇవ్వలేరు.

మన వ్యానుకు కావలసినది అంతకంటే చిన్నది. అది మా బాబాయి తీగలోనే ఉన్నది! ఉత్తమమైన దారి ఏదో మనకు తెలియదు. కాని అందులో ఒక్క ముక్క తెంపితే, మిగిలినది అన్ని ఊళ్లనూ కలిపే తీగే గదా. అతి తక్కువ తీగ దానికంటే పొడవు కాజాలదు. ఇక ఆ తీగ పక్కనే ఒకవైపు పోయి రెండోవైపు తిరిగి వస్తే తీగకు రెట్టింపు. కనుక మన దారి, ఆ తెలియని ఉత్తమ దారికి రెట్టింపు మించదు. చూసిన ఊరిని మళ్లీ చూడకుండా అడ్డంగా పోతే ఇంకా తగ్గుతుంది. 1976లో క్రిస్టోఫిడిస్ ఈ రెట్టింపును ఒకటిన్నరకు దించాడు. ఆ ఒకటిన్నరను రవంత తగ్గించడానికి 2020దాకా పట్టినది. కార్లిన్, క్లైన్, ఒవైస్ ఘరన్ తగ్గించినది ఎంతనుకున్నారు? దశాంశ బిందువు పెట్టి, 35 సున్నలు వేసి, ఒకటి వేయండి. అంత. దానికే లోకమంతా పండుగ చేసుకున్నది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానం కొబ్బరితోటలను నేలమట్టం చేసినది. మళ్లీ వ్యాను, మళ్లీ అటుకులు, బెల్లం. ఈసారి బయలుదేరే ముందు రాత్రి పటం బల్లమీద పరిచి, ఊరూరికీ గుండుసూది గుచ్చి, బాబాయి చేతికి ఎర్రదారం ఉండ ఇచ్చాము. "మీ తీగల పని ఇక్కడ కానివ్వండి" అన్నాము.

ఆయన ఐదేళ్ల కిందటి సంగతి మరిచిపోలేదు. "నా లెక్క ఒకసారి చూశారుగా" అన్నాడు.

పై సంగతంతా చెప్పాము. కళ్లద్దాలు తుడుచుకుని విన్నాడు. తరువాత మాట్లాడకుండా సూదినుంచి సూదికి దారం కట్టడం మొదలుపెట్టాడు – కట్టిన ఊళ్లలో దేనికి ఏది దగ్గరో చూసుకుంటూ. పది నిమిషాలలో అయిపోయినది. మేము ఆ దారం చుట్టూ వేలు పెట్టి ఊళ్ల వరుస వ్రాసుకున్నాము. తీరం వెంట ఉన్న పల్లెలు స్టీమరు రేవులలాగ తమంతట తామే వరుసలో పడినవి. లోపలివాటి దగ్గర రెండు చోట్ల అడ్డదారులు పట్టాము. బాబాయి మిగిలిన దారం ఉండ చుట్టి జేబులో వేసుకుని, "తెల్లవారి నాలుగింటికి బండి తియ్యండి" అన్నాడు.